పై కొస లాగు బిడ్డా

బియ్యం బస్తా మూతికి రెండు కొసలుంటాయి, ఒకటి లాగితే కుట్టంతా సర్రున ఊడొస్తుంది, రెండోది లాగితే ఇంకా బిగుసుకుని గోళ్లు విరగ్గొడుతుంది, కల్పలత చిన్నప్పటినుంచీ ఆ రెండోదే లాగేది, ఎన్నిసార్లు చూపించినా అంతే, చివరికి తల్లి శ్యామలమ్మ కత్తెర పట్టుకొచ్చి, టైలరింట్ల పుట్టి బస్తా మూతి విప్పరాదా నీకు అని బిడ్డ నెత్తిన ఒక మొట్టికాయ వేసేది, మరి పోయిన వారం బయల్దేరేటప్పుడు తండ్రిగా తను చెప్పింది దాని బుర్రకెక్కిందో లేదో, పై కొస బిడ్డా, చంక కిందిది, నడుము దగ్గరిది కాదు అని రెండుసార్లు చెప్పాడు, మూడోసారి చెప్పబోయేసరికి ఆటో వచ్చింది, సరే నాయ్నా సరే అంటూ బ్యాగు వేసుకుని ఎక్కేసింది, సరే సరే అనే పిల్లలు వినరని ఎవరికి తెలియదు, అనుకుంటూ పర్వతాలు హవల్దారు చొక్కా చేతికి మూడో పట్టీ పెట్టి, బద్దతో కొలిచి, వెంట్రుకవాసి పక్కకు పోయిందని విప్పి మళ్లీ పెట్టాడు, పొద్దున్నుంచి ఇలా విప్పడం ఇది మూడోసారి, నలభై ఒక్క ఏళ్లుగా కంటోన్మెంటు గేటుకెదురుగా మిలిటరీ బట్టలు కుట్టే మనిషికి పట్టీ పక్కకు పోవడమేమిటి, పోక ఏం చేస్తుంది, దారాల డబ్బాకు ఆనించిన ఫోనులో ఎక్కడో సముద్రం అవతలి స్టేడియం కనబడుతోంది, ఇంకో అరగంటలో ఆసియా పోటీల్లో ఆడపిల్లల నాలుగు వందల మీటర్ల ఫైనలు, ఎనిమిది మందిలో ఐదో గీతలో తన బిడ్డ.

ఆ బిడ్డ కాళ్లలో ఏముందో మొదట కనిపెట్టింది పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న రోసమ్మే, కల్పలతకు ఎనిమిదేళ్లప్పుడు మడతపెట్టిన చొక్కాల పొట్లం చేతికిచ్చి ఆఫీసర్ల క్వార్టర్సుకు పంపితే, రోసమ్మ ఇంకో చొక్కా కాలరు తిప్పేలోగా తిరిగొచ్చి ఎదురుగా నిలబడేది, మాస్టర్, నీ పిల్ల నడుస్తలేదు, ఉర్కుతుంది, గ్రౌండుకు తోలరాదూ, నా ప్రిసిల్లాను సుత తోల్కపొమ్మను అంది రోసమ్మ, అలా ఇద్దరూ కాప్రా చెరువు గట్టు మీద మొదలుపెట్టి గ్రౌండుకు చేరారు, ఒకే జత మేకుల బూట్లు ఇద్దరికీ, ఒకతి పరుగెత్తి వచ్చి విప్పితే రెండోది వేసుకునేది, కల్పలతకు ఆ పరుగుతోనే రైల్వేలో కొలువొచ్చింది, ప్రిసిల్లా అడ్డుకర్రల మీంచి దూకుతుంటే చూసేవాళ్ల కాళ్లు కూడా లేచేవి, అంత చక్కని పిల్ల, అప్పుడే ఆ గ్రౌండులో ఎన్నికల సభ పెట్టారు, రబ్బరు ట్రాకులో గుంజలు పాతారు, దాని మీద లారీలు తిప్పారు, సభ గంటన్నర సాగింది, గుంతలు మాత్రం తొమ్మిది నెలలు ఉన్నాయి, అడిగీ అడిగీ విసిగి పిల్లలంతా ముంజేతులకు వంకాయ రంగు రిబ్బన్లు కట్టుకుని గేటు ముందు కూర్చున్నారు, ఆ రంగే ఎందుకంటే మంచి మంచి రంగులన్నీ పార్టీలవాళ్లు పంచేసుకున్నాక మిగిలింది అదొక్కటే, పైగా ప్రిసిల్లా క్లబ్బు జెర్సీ కూడా అదే రంగు, గేటు ముందు కూర్చున్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, ఆ తర్వాత పోటీల్లో గెలిచిన ప్రిసిల్లా అదే రిబ్బనుతో పతకం గద్దె ఎక్కేసరికి మాత్రం క్రీడా సంఘం పెద్దలకు క్రమశిక్షణ గుర్తొచ్చింది, రెండేళ్లు ఏ పోటీలోనూ అడుగు పెట్టొద్దన్నారు, ఆ రోజునుంచి రోసమ్మ నవ్వడం తగ్గించి ఇస్త్రీ గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది.

ఆ రెండేళ్లలో ఒక ఏడాది గడిచాక, పోయిన నెలలో, కల్పలత నీలం రంగు ఇండియా జెర్సీ పట్టుకుని షాపుకొచ్చింది, నడుము దగ్గర లూజుంది నాయ్నా, జెర పట్టవా అంది, ఆయన మురిసిపోతూ గుండుసూదులు పెడుతుంటే మెల్లగా బ్యాగులోంచి ఇంకో బట్ట తీసింది, ప్రిసిల్లా పాత జెర్సీ, దీంట్లకెళ్లి ఒక పట్టీ కోసి పక్కకు కుట్టు నాయ్నా, గ్రౌండుల అది ఎప్పుడూ నా పక్కనే ఉంటుండె, అక్కడ సుత ఉండాలె, అందరు చూడాలె అంది, ఏందీ, పిచ్చి గిట్ల లేసిందా, అది వర్దీ బిడ్డా, సిపాయి యూనిఫారం లెక్క, వర్దీ మనది కాదు, దేశానిది, దాని మీద రాసిపెట్టింది ఉంటది, లేనిది ఉండదు, పతకం గుంజుకుంటరు, ఇంటికి తోలుతరు, ఆఖరికి కొలువు సుత పోతది అని అరిచాడు, అది తిరిగి అరవలేదు, అరిచినా బాగుండేది, ఉరికే కాళ్లు నాయే గదా నాయ్నా అని ఊరుకుంది, ఆయనకు వెంటనే పని నేర్పిన ఉస్తాద్ గుర్తొచ్చాడు, వర్దీ మీద నీ కుట్టు కనబడొద్దురా పర్వతాలూ, చూసేటోళ్లకు సిపాయి కనబడాలె గాని దర్జీ కాదు అని మొదటి రోజే చెప్పిన మనిషి, ఆ మాట మీదే ఇన్నేళ్లు బతికాడు, రెండు రోజులు ఆ జెర్సీ ముట్టలేదు, మూడో రోజు పొద్దున అందరికన్నా ముందు షట్టరెత్తి, అరంగుళం వెడల్పు, పదమూడంగుళాల పొడవు పట్టీ కోసి, చంక కిందనుంచి నడుము దాకా చేత్తో కుట్టాడు, మిషను కుట్టు కాదు, గొలుసుకుట్టు, బియ్యం బస్తా మూతి కుట్టు, ఎందుకంటే రేపు ఎవడైనా వచ్చి ఇదేమిటని గద్దిస్తే కొస పట్టి లాగితే చాలు, రెప్పపాటులో ఊడి పిడికిట్లోకి వచ్చేస్తుంది, ఇక అడిగేవాడికి ఏమీ దొరకదు, పరుగులో గోరు తగిలి ఊడకుండా అసలు కొసను పైన దాచాడు, బిడ్డ మాట కాదనలేదు, బిడ్డను ఆపదలోకి తొయ్యనూ లేదు, తండ్రంటే ఇట్లుండాలె అని తన భుజం తనే తట్టుకున్నాడు.

తీరా నిన్న సెమీఫైనలు అయ్యాక ఫోన్ చేసి కల్పలత నవ్వాలో ఏడవాలో తెలియని గొంతుతో మాట్లాడింది, బట్టలు చూసే ఆఫీసరు ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, పట్టీ మీద వేలు పెట్టి నిమిరి, చాలా బాగుందని పంపించాడట, మన టీము మేనేజరైతే ఇంకో అడుగు ముందుకేసి, మిగతా ఆడపిల్లల జెర్సీలకు ఈ పట్టీ ఎందుకు లేదు, సగం మందికే పంపిస్తారా అని బట్టలు సప్లై చేసినవాళ్లను ఫోన్లో దబాయించాడట, నాయ్నా, నువ్వెంత సక్కగ కుట్టినవంటే అది దేశమే కుట్టించినట్టున్నది, ఇగ అది ప్రిసిల్లాదని ఎవలకు తెలుస్తది అంది, ఆయనకు మేనేజరు సంగతి విన్నప్పుడు కడుపుబ్బ నవ్వొచ్చింది, దాని వెంటే గర్వమూ వచ్చింది, అంతంత పెద్ద ఆఫీసర్ల కళ్ల ముందు నిలబడ్డ కుట్టు సికింద్రాబాదులో ఇంకెవడు కుడతాడు చూద్దాం, కానీ ఫోన్ పెట్టేశాక బిడ్డ అన్న చివరి మాట మాత్రం పోలేదు, అది కనబడాలని అడిగింది, తను కనబడకుండా కుట్టాడు, కావాలని కుట్టాడా, చెయ్యి అలవాటు కొద్దీ కుట్టిందా, పట్టీని జెర్సీ అంచుకు సరిగ్గా సమానంగా ఎవరు దించమన్నారు, నీలం దారం వెతికి మరీ ఎవరు వాడమన్నారు, రాత్రంతా మనసు పరేషాన్, పొద్దున శ్యామలమ్మ చాయ్ ఇస్తూ, నేను టీవీ చూడ, నేను చూస్తే అది ఓడిపోతది, నువ్వు షాపుల చూసి ఫోన్ చెయ్యి అని పంపేసింది, పట్టీ సంగతి ఆమెకూ చెప్పలేదు, రోసమ్మకూ చెప్పలేదు, చెప్పొద్దని బిడ్డ ఒట్టు వేయించుకుంది.

నా ప్యాంటు నడుము వదులు చేశారాండీ అంటూ నరసరాజుగారు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు, తణుకు వైపు మనిషి, పోస్టాఫీసులో రిటైరయ్యాక మారేడ్‌పల్లిలోనే ఉండిపోయారు, ఆరు నెలలకోసారి నడుము వదులు చేయించుకుంటారు, తిండి తగ్గించమంటే నవ్వుతారు, ప్యాంటు వంక మాత్రమే, అసలు వచ్చింది పరుగు చూడడానికి, రోసమ్మ కూడా ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి వచ్చి గుమ్మానికి ఆనుకుంది, ఫోనులో వ్యాఖ్యాత నిన్నటి గొడవ చెబుతున్నాడు, ఏదో దేశం ఈటె విసిరే కుర్రాడు గద్దె మీద ఏదో రాసున్న గుడ్డ చూపించాడట, పతకం ఆపేశారట, పర్వతాలు చేతిలో సూది ఆగింది, చూశారా పర్వతాలు గారూ, ఆటకెళ్లినవాడు ఆట ఆడి రావాలి గానీ ఈ రాజకీయాలెందుకండీ, ఒకడు మొదలెడితే ఎనిమిది గీతల్లో ఎనిమిది జెండాలు లేస్తాయి, ఇక పరుగెవడు చూస్తాడు అన్నారు నరసరాజుగారు, గ్రౌండుల స్టేజి ఏసిననాడు అది రాజకీయం గాదా సారూ, మా పోరగాండ్లు పోయి పార్టీ ఆఫీసుల ఉర్కిండ్రా, పార్టీయే వచ్చి వాళ్ల ట్రాకు మీద నిలబడ్డది అంది రోసమ్మ, అది తప్పేనమ్మా, నేను కాదన్నానా, అయినా మనింటి గొడవ పక్కింటికెళ్లి చెప్పుకుంటామా అన్నారాయన, ఇంట్ల ఇనేటోడుంటే పక్కింటికెందుకు పోతం సారూ, ఇద్దరూ పర్వతాలు వైపు చూశారు, ఆయనకు ఇద్దరూ కరెక్టే అనిపించారు, వర్దీ వేసుకున్న సిపాయి నోరు విప్పడు, నిజమే, కానీ సిపాయికి బువ్వ పెట్టి, బూటు కొనిచ్చి, పెన్షన్ ఇచ్చి ఆ వర్దీ వేస్తారు, ఒక జత బూట్లు ఇద్దరు వంతులేసుకున్నప్పుడు ఈ పిల్లల దగ్గరికి ఏ దేశం వచ్చింది, అరె, ఇదేంది, తనెటు మాట్లాడుతున్నాడు, జెర చూడనియ్యిండ్రి, షురూ అయితుంది అని ఇద్దరి మీదా కసురుకున్నాడు.

ఎనిమిది మంది వచ్చి నిలబడ్డారు, కెమెరా ఒక్కొక్కరి మొహం మీదికి పోయి ఐదో గీత దగ్గర ఆగింది, కల్పలత చెయ్యెత్తి నమస్కారం పెట్టింది, ఎత్తిన చేతి కింద నీలం మీద సన్నగా, నిటారుగా వంకాయ రంగు గీత, ఈసారి జెర్సీలు భలే కుట్టించారండీ, ఆ పక్క గీత ఎంత అందంగా ఉందో అన్నారు నరసరాజుగారు, రోసమ్మ మాత్రం ముందుకు వంగింది, ఫోనుకు ముక్కు ఆనేంత దగ్గరికి పోయింది, మూడేళ్లు రోజు విడిచి రోజు ఇస్త్రీ చేసిన బట్ట, వేడి ఎక్కువైతే ముడుచుకునే బట్ట, ఏ ఆఫీసరు కంటికీ ఆనని ఆ రంగు ఆ తల్లికి ఒక్క చూపుకు దొరికిపోయింది, మాస్టర్ అంది మెల్లగా, అది నా బిడ్డ బట్ట గదా, ఆయన అవునన్నట్టు తల ఊపాడు, అంతలో తుపాకీ పేలింది, యాభై రెండు సెకన్లంటే ఎంత, గుండీకి నాలుగు కన్నాల్లోంచి దారం తీసి ముడేసేంత, మొదటి మలుపులో కల్పలత ఐదో స్థానం, అవతలి వైపు దాటేదాకా ఐదే, రోసమ్మ ఉర్కు బిడ్డా ఉర్కు అంటోంది, ఏ బిడ్డను అంటోందో ఆమెకే తెలియాలి, ఆఖరి మలుపులో ఒకమ్మాయి వెనకపడింది, ఇంకో అమ్మాయి కాళ్లు బరువెక్కాయి, పొట్లం ఇచ్చి తిరిగొచ్చే పిల్ల లాగా కల్పలత వస్తోంది, వస్తోంది, గీత మీద ఛాతీ పడేసింది, మూడు, మూడో స్థానం, కంచు పతకం, నరసరాజుగారు స్టూలు తన్నేసి లేచి పర్వతాలును వాటేసుకున్నారు, రోసమ్మ కొంగుతో మొహం కప్పుకుంది, పర్వతాలు హవల్దారు చొక్కాను గాల్లోకి విసిరాడు, అది పోయి ఫ్యాను రెక్కకు తగులుకుని గిరగిరా తిరిగింది, ముగ్గురూ దాన్ని చూసి పిచ్చివాళ్లలా నవ్వారు.

శ్యామలమ్మకు ఫోన్ చేయడం, ఆమె నమ్మకపోవడం, మళ్లీ చేయడం, రోసమ్మ ప్రిసిల్లాకు చేయడం, ఆ పిల్ల అవతల ఒక్కసారిగా కేక పెట్టడం, ఇదంతా అయ్యేసరికి అరగంట గడిచింది, పతకాలిచ్చే వేళయింది, కల్పలత గద్దె మీదికి వచ్చింది, పైన కోటు వేసుకుంది, జిప్పు గొంతు దాకా ఉంది, పట్టీ ఎక్కడా కనబడదు, హమ్మయ్య అనుకున్నాడు పర్వతాలు, ఇక ఏ తక్లీఫూ లేదు, పతకం పదిలం, కొలువు పదిలం, అసలు అలా అనుకున్నాక గుండెల మీంచి బరువు దిగాలి, దిగలేదు, బదులుగా ఏదో చప్పగా అయిపోయింది, ఉప్పు వెయ్యడం మరిచిన కూర నోట్లో పెట్టుకున్నట్టు, పక్కన రోసమ్మ రెండు చేతులూ ముడుచుకుని నిలబడి ఉంది, గెలిచిన పిల్ల దేశం పాట మొదలైంది, ఎవరి పాటో తెలియదు, అయినా కంటోన్మెంటు గేటు దగ్గర బతికిన అలవాటుకు పర్వతాలు లేచి నిలబడ్డాడు, ఆయన్ను చూసి నరసరాజుగారూ లేచారు, ఊరూ పేరూ తెలియని దేశానికి సికింద్రాబాదులో ముగ్గురు మనుషులు నిటారుగా మర్యాద చేశారు, అక్కడ కల్పలత కూడా పాట చివరి వరకూ కదల్లేదు, తన వర్దీ మర్యాద ఆ పిల్లకు తెలుసని ఆయనకు ముచ్చటేసింది.

పాట ఆగింది, ముగ్గురమ్మాయిలు ఫొటోకు దగ్గరగా జరిగారు, కల్పలత చెయ్యి జిప్పు మీదికి పోయింది, సర్రున కిందికి లాగింది, కోటును భుజం మీంచి జార్చింది, నడుము దగ్గర తడిమింది, ఒక కొస పట్టుకుంది, లాగింది, రాలేదు, ఇంకొంచెం గట్టిగా లాగింది, జెర్సీ ముడతలు పడి కుట్టు బిగుసుకుంది, ఎటు లాగుతుందో చూసేసరికి పర్వతాలుకు ఒళ్లు మండిపోయింది, అటు కాదు బిడ్డా, పై కొస, పై కొస లాగు, చంక కిందిది, ఎన్నిసార్లు చెప్పిన్నే నీకు, పైది లాగు అని గొంతు చించుకుని అరిచాడు, ఫోను చేతిలోకి తీసుకుని దాన్ని ఊపుతూ అరిచాడు, రోడ్డు మీద పోయే ఆటోవాడు ఆగి తొంగిచూశాడు, సముద్రాలవతల ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది, తల వంచి చూసుకుంది, నవ్వింది, బస్తా గుర్తొచ్చినట్టుంది, చెయ్యి పైకి పోయింది, చంక కింద వెతికింది, పట్టింది, లాగింది, ఒక్క గుంజుకు పదమూడంగుళాల పట్టీ సర్రున ఊడి చేతిలోకి వచ్చేసింది, దాన్ని ముంజేతికి చుట్టింది, పంటితో పట్టి ముడేసింది, చెయ్యి పైకెత్తింది, పెదవులు కదిలాయి, వ్యాఖ్యాతకు అర్థం కాలేదు, అదేదో మొక్కు కావచ్చన్నాడు, షాపులో ముగ్గురికీ అర్థమైంది, మూడక్షరాల పేరు, రోసమ్మ గుమ్మంలోనే కూలబడి, నా తల్లీ నా తల్లీ అని ఏడుస్తూ నవ్వింది, నరసరాజుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఒక చేత్తో కట్టుకుంది కదండీ, ముడి సరిగ్గా పడిందో లేదో, జారిపోతుందేమో, గట్టిగా బిగించుకోమనండి అన్నారు, ఇందాక రాజకీయాలెందుకన్న మనిషి ఈయనేనా అని పర్వతాలుకు నవ్వొచ్చింది, అయినా ఇందాక హమ్మయ్య అనుకున్న మనిషి తను కాదా.

గంట తర్వాత కల్పలతే ఫోన్ చేసింది, వెనకాల ఎవరెవరో గట్టిగా మాట్లాడుతున్నారు, నాయ్నా, కూసోబెట్టి అడిగిండ్రు, ఎవరి గుడ్డ, ఎందుకు కట్టినవ్ అని, మొత్తం చెప్పిన, గ్రౌండు సంగతి, ప్రిసిల్లా సంగతి, రాసియ్యమన్నరు, రాసిచ్చిన, పతకం ఉంచుతరో తీస్కుంటరో సాయంత్రం చెప్తరట, మేనేజర్ సార్ తలకాయ పట్టుకుని కూసున్నడు, నిన్న బట్టలోళ్లను తిట్టింది ఆయనే గదా, నాకైతే మస్తు ఆకలైతుంది, తింటానికి పోతున్న, నువ్వేం పరేషాన్ గాకు, ముందుగాల కింది కొస లాగిన నాయ్నా, చూసినవా అంది, చూసిన బిడ్డా, ఊరంత ఇనబడేటట్టు అరిచిన అన్నాడు, అది అవతల పకపకా నవ్వింది, ఆయన ఫోన్ పెట్టేసి బల్ల ముందు కూర్చున్నాడు, ఫ్యానుకు నలిగిన హవల్దారు చొక్కా సాపు చేశాడు, ఇన్నేళ్లలో తన కుట్టు ఊడితే బట్ట తెచ్చిన గిరాకీ ముందు తలవంచుకుని, విప్పి, మళ్లీ ఊడకుండా కుట్టిచ్చాడు, ఆ పట్టీని దాచెయ్యడానికని ఊడే కుట్టు వేసినవాడు తను, చూపెట్టడానికి అదే కొస లాగింది బిడ్డ, సాయంత్రం వాళ్లు ఏం చెప్పినా చెప్పనీ, ఉస్తాద్, ఇయ్యాల నా కుట్టు ఊడింది, లోకమంతా చూసింది, నాకు మస్తు సంతోషమైంది, అనుకుని సూదిలోకి దారం ఎక్కించి మూడో పట్టీ పెట్టాడు, ఈసారి వెంట్రుకవాసి కూడా పక్కకు పోలేదు.